8 ఓట్లకు గెలుపు, 34 ఓట్లకు ‘టై’: అయోవా రిపబ్లికన్ పార్టీకి ఒక తెలుగు ఓటరు బహిరంగ లేఖ

అయోవా రిపబ్లికన్ పార్టీ రాష్ట్ర కేంద్ర కమిటీ సభ్యులకు,

నమస్కారం.

2012 జనవరి 3న మీ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పోటీలో మీరు జరిపిన కాకస్ గురించి రాస్తున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకని మీరు అడగొచ్చు. ఆ రోజు ఎవరు గెలిచారని ఇక్కడ నా చుట్టూ ఉన్నవాళ్లని అడిగితే ఇప్పటికీ తలో మాట చెబుతారు. కొందరు మిట్ రామ్నీ అంటారు. కొందరు రిక్ సాంటోరమ్ అని, ఒక్క క్షణం ఆగి ‘అనుకుంటా’ అంటారు. ఎక్కువ మంది మాత్రం ‘అది టై అయింది కదా’ అనేస్తారు.

అది టై కాలేదు. టై అనిపించేలా చేసింది మీ పార్టీ. ఆ మాట మీతోనే చెప్పాలని ఈ లేఖ.

దీని ఇంగ్లీషు ప్రతిని డిమోయిన్‌లోని మీ ఆఫీసుకి పోస్టులో పంపాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, డిమోయిన్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కంపెనీల్లో, బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మా తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పౌరసత్వం వచ్చినవాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు. కాకస్ అంటే ఏమిటి, వెళ్తే మన ఓటు ఎక్కడికి పోతుంది అని నన్ను అడుగుతుంటారు. వాళ్లకి నేను నిజం చెప్పాలి. మీరూ చదవాలి, వాళ్లూ చదవాలి.

ముందే ఒక మాట. నాది ఎవరి పక్షమూ కాదు. 2012లో నాకు ఇక్కడ ఓటు లేదు, గ్రీన్ కార్డు మాత్రమే ఉంది. తోటి ఉద్యోగి ఒకాయన ‘చూడ్డానికి ఎవరైనా రావచ్చు, రా’ అంటే వెళ్లి ఒక స్కూలు భోజనాల హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత పౌరసత్వం వచ్చింది. 2020లో డెమోక్రాట్ల కాకస్‌కి, 2024లో మీ కాకస్‌కి వెళ్లాను. ఇక్కడ అప్పటికప్పుడు పేరు నమోదు చేసుకుని ఏదో ఒక పార్టీ గదిలో కూర్చోవచ్చు కాబట్టి ఇది కుదిరింది. సాంటోరమ్ చెప్పే చాలా విషయాలతో నాకు పొత్తు కుదరదు. ఈ లేఖ ఆయన కోసం రాసింది కాదు.

కాకస్ ఎరగని తెలుగువాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోరోజు పోటీ జరుగుతుంది. చాలా రాష్ట్రాల్లో అది ప్రైమరీ. ప్రభుత్వమే నడుపుతుంది, బూత్‌కి వెళ్లి ఓటేసి వస్తాం. అయోవాలో మాత్రం పార్టీయే నడుపుతుంది. చలికాలం సాయంత్రం స్కూలు హాలుకో, చర్చికో, ఫైర్ స్టేషన్‌కో వెళ్లి అందరూ కలిసి కూర్చోవాలి. రిపబ్లికన్ల పద్ధతి సులువు. ఒక్కో అభ్యర్థి తరఫున ఎవరో ఒకరు లేచి రెండు మాటలు చెబుతారు. తర్వాత చిన్న తెల్లకాగితాలు పంచుతారు. పేరు రాసి మడిచి ఇచ్చేస్తే అందరి ఎదుటా లెక్కపెడతారు. ఆ లెక్కని ‘ఫారం ఇ’ అనే కాగితం మీద రాసి సంతకాలు పెట్టి పార్టీకి పంపాలి. ఆ రాత్రికి మాత్రం అంకెలు ఫోన్లో చెప్పేస్తారు.

ఆ రాత్రి నేను చూసిన లెక్కింపు నాకు చాలా నచ్చింది. ఒకావిడ ఒక్కో చీటీ విప్పి పేరు చదువుతుంటే ఇంకొకాయన గీతలు గీశారు, పక్కన అభ్యర్థుల మనుషులు నిలబడి చూశారు. అయిదు గీతలకో కట్ట. మా ఊళ్లో రైతులు బస్తాలు లెక్కపెట్టినట్టే ఉంది. దాపరికం లేదు. మీ తప్పు ఆ హాల్లో జరగలేదు, ఆ కాగితం హాలు దాటి బయటికి వచ్చాక జరిగింది.

ఆ రాత్రి అర్ధరాత్రి దాటాక మీ అప్పటి చైర్మన్ మాట్ స్ట్రాన్ మైకు ముందుకి వచ్చి ఫలితం చెప్పారు. రామ్నీకి 30,015. సాంటోరమ్‌కి 30,007. తేడా 8. రామ్నీ విజేత అన్నారు. లక్షా ఇరవై వేల పైచిలుకు చీటీల్లో 8 ఓట్లు! మీ కాకస్ చరిత్రలో అంత దగ్గరి పోటీ లేదు. అప్పటికి రాష్ట్రంలోని 1,774 ప్రీసింక్ట్‌ల (మన పోలింగ్ బూత్‌ల లాంటివి) సంతకాల కాగితాల్ని పార్టీ సరిచూడలేదు. ఫోన్లో విన్న అంకెల మీద, 8 ఓట్ల తేడా మీద, ఒక మనిషిని విజేత అన్నారు.

వారం తిరక్కుండానే జనవరి 10న న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో రామ్నీ గట్టిగానే గెలిచారు. ఇక చూడండి, ఏ చానల్ పెట్టినా ఒకటే మాట. అధ్యక్షుడిగా లేని రిపబ్లికన్ ఎవరూ ఇంతవరకు అయోవా, న్యూహాంప్‌షైర్ రెండూ గెలవలేదు, రామ్నీయే మొదటివాడు అని. పోటీ అయిపోయినట్టే మాట్లాడారు. చందాలిచ్చేవాళ్లు, వాలంటీర్లు, ఇంకా మనసు తేల్చుకోని నాయకులు అందరూ ఆ మాట వింటూ ఉన్నారు. ఆ మాటలో సగం మీ 8 ఓట్ల మీద నిలబడి ఉంది.

ఈలోపే అప్పనూస్ కౌంటీలోని మౌల్టన్ అనే చిన్న ఊరి నుంచి ఒకాయన ఒక సంగతి బయటపెట్టారు. తన ప్రీసింక్ట్‌లో లెక్కింపు జరుగుతుంటే ఆయన అంకెల్ని కాగితం మీద రాసుకున్నారు. రామ్నీకి వచ్చినవి 2 ఓట్లు. పార్టీ ప్రకటించిన జాబితాలో 22 ఉన్నాయి. ఆయన రామ్నీ మనిషీ కాదు, సాంటోరమ్ మనిషీ కాదు, ఇంకో అభ్యర్థి రాన్ పాల్‌ని బలపరిచినవాడు. ఆయన చూపించిన ఆ 20 ఒక్కటే చాలు, 8 ఓట్ల గెలుపుని తిరగేయడానికి. జేబులో పెన్నుండి, చూసింది చూసినట్టు రాసుకున్న ఆ మనిషి నా దృష్టిలో ఆ కాకస్ మొత్తానికీ పెద్దమనిషి. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు గానీ మీకు తెలుసు.

రెండు వారాల గడువు అయ్యాక, జనవరి 19న మీరు ధృవీకరించిన లెక్క బయటపెట్టారు. సాంటోరమ్‌కి 29,839. రామ్నీకి 29,805. సాంటోరమ్ 34 ఓట్లు ఎక్కువ. రామ్నీ లెక్కలో 210 తగ్గాయి, సాంటోరమ్ లెక్కలో 168 తగ్గాయి. మొత్తం మీద ఇద్దరి మధ్య తేడా 42 ఓట్ల మేర అటునుంచి ఇటు తిరిగింది. ఎనిమిది ప్రీసింక్ట్‌ల నుంచి ఫారం ఇ రానేలేదు. ఆ ఎనిమిది చోట్ల చలిలో వచ్చి చీటీ రాసి ఇచ్చినవాళ్ల ఓట్లు ధృవీకరించిన లెక్కలో లేవు, ఇక ఎప్పటికీ ఉండవు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. జనవరి 19న మీ చైర్మన్ ఇద్దరినీ అభినందించారు. విజేత ఫలానా అని చెప్పలేదు. ఎనిమిది కాగితాలు రాలేదు కాబట్టి ఎవరు గెలిచారో తేల్చలేం అన్నట్టుగా ఊరుకున్నారు. రామ్నీ వర్గం వెంటనే దాన్ని దాదాపు టై అనేసింది. పత్రికలూ అదే పట్టుకున్నాయి. సరిచూడని 8 ఓట్ల తేడాతో రామ్నీ పేరు చెప్పడానికి మీకు ఒక్క రాత్రి కూడా ఆగాలనిపించలేదు. సంతకాలున్న కాగితాల మీద 34 ఓట్ల తేడాతో సాంటోరమ్ పేరు చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం నోరు పెగల్లేదు. తర్వాతి రోజు, శుక్రవారం రాత్రి బాగా పొద్దుపోయాక, సాంటోరమే విజేత అని ఒక ప్రకటన ఇచ్చారు. తెల్లారితే సౌత్ కరోలినాలో పోలింగ్. అక్కడ మరో అభ్యర్థి న్యూట్ గింగ్రిచ్ గెలిచారు, ఇక అందరి కళ్లూ అటే. ఆ ప్రకటన ఎంతమంది చదివి ఉంటారు?

8కి ఉన్న గొంతు 34కి ఎందుకు లేకపోయింది? నా లేఖ అంతా ఈ ఒక్క ప్రశ్నే.

మీ వైపు నుంచి వచ్చే జవాబులు నేనూ ఊహించగలను. మొదటిది, ఎనిమిది ప్రీసింక్ట్‌ల లెక్క లేకుండా 34 ఓట్ల తేడాని నమ్మడం ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. ఆ ఎనిమిదీ కలిస్తే రామ్నీయే గెలిచి ఉండొచ్చు. నేను కాదనను. కానీ గడువు పెట్టింది మీరే. కాగితం వస్తేనే ఓటు లెక్కలోకి వస్తుందని నియమం పెట్టింది మీరే. నియమం ప్రకారం లెక్కకి నిలిచిన ఓట్లలో సాంటోరమ్ గెలిచారు. అనుమానం చూపించదలిస్తే ఇద్దరికీ ఒకేలా చూపించాలి. 4వ తేదీ తెల్లవారుజామున ‘తేడా 8 ఓట్లే, కాగితాలు వచ్చేదాకా విజేత పేరు చెప్పం’ అని ఉంటే, 19న ‘ఎనిమిది కాగితాలు రాలేదు, తేల్చలేం’ అన్నా నేను ఒప్పుకునేవాణ్ని. మొదటిసారి తొందర, రెండోసారి సంకోచం. రెండూ ఒకే మనిషికి నష్టం చేశాయి.

రెండో జవాబు, ఏం తేడా పడేది, చివరికి అభ్యర్థి రామ్నీయే కదా అని. నిజమే, ఏం జరిగినా ఆయనే అయ్యేవారేమో. అయినా ఒక్కసారి సాంటోరమ్ వైపు నుంచి చూడండి. ఆయన అయోవాలోని 99 కౌంటీలూ తిరిగారు. ఒకరి పికప్ ట్రక్కులో, విమానాలూ పెద్ద హంగూ లేకుండా, పదిమంది వచ్చిన చోట కూడా గంటసేపు నిలబడి మాట్లాడారు. చివరి రెండు వారాల దాకా సర్వేల్లో ఆయన పేరు అడుగునే ఉంది. అలాంటి మనిషికి ‘అయోవాలో నువ్వే గెలిచావు’ అన్న మాట మర్నాడు పొద్దున వినిపించడం వేరు, పదహారు రోజుల తర్వాత గొణుగుతూ వినిపించడం వేరు. ఫిబ్రవరి 7న కొలరాడో, మిన్నెసోటా, మిస్సోరి మూడూ ఆయనే గెలిచారు. అంటే ఆయన గాలివాటం మనిషి కాదని అర్థం. ఫిబ్రవరి చివర మిషిగన్‌లో కొద్ది తేడాతో ఓడారు. ఏప్రిల్ 10న తప్పుకున్నారు. మొదటి రెండు వారాల్లో ఆయనకి అందాల్సిన ఊపు, చందా, నమ్మకం ఎంత ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఆ చెప్పలేకపోవడమే ఆయనకి జరిగిన నష్టం.

మూడో జవాబు నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. ఆ రాత్రి చీటీల మీద జరిగేది ఉత్త అభిప్రాయ సేకరణే, డెలిగేట్లని, అంటే పార్టీ జాతీయ సభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధుల్ని, అది కట్టడి చెయ్యదు అని. 2012లో అది నిజమే. ఆ నిజం ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి. డెలిగేట్లని కౌంటీ సభల్లో, ఆ తర్వాత జిల్లా, రాష్ట్ర సభల్లో ఎన్నుకుంటారు. రాత్రి చీటీ రాసి ఇంటికెళ్లిపోయినవాళ్లకి ఈ సంగతి తెలియదు. రాన్ పాల్ మనుషులకి బాగా తెలుసు. వాళ్లు ఓపికగా చివరిదాకా కూర్చున్నారు. ఆగస్టులో టాంపాలో జరిగిన జాతీయ సభలో అయోవా 28 మంది డెలిగేట్లలో 22 మంది రాన్ పాల్‌కి ఓటేశారు. ఆయన కాకస్ రాత్రి మూడో స్థానంలో ఉన్నవాడు! రామ్నీకి 6. సాంటోరమ్‌కి ఒక్కటీ లేదు, అప్పటికే ఆయన బరిలో లేరు. రాత్రి గెలిచింది ఒకరు, కాగితాల మీద గెలిచింది ఇంకొకరు, డెలిగేట్లు పట్టుకెళ్లింది మరొకరు. రాన్ పాల్ వర్గం చేసింది నియమాల ప్రకారమే, వాళ్లని తప్పు పట్టను. కానీ స్కూలు హాల్లో చీటీ రాసినావిడ ఇంటికెళ్లి ‘నేను ఓటేశాను’ అని పిల్లలకి చెప్పుకుని ఉంటుంది. ఆ మాటకి మీరు ఇచ్చిన విలువ ఎంత? జాతీయ పార్టీ తర్వాత నియమం మార్చి రాష్ట్రమంతటా పడ్డ ఓట్ల ప్రకారమే డెలిగేట్లు నడుచుకోవాలంది. మంచి పని. 2012 నుంచి మీరు నేర్చుకున్న పాఠాల్లో అదొక్కటే నాకు పైకి కనిపిస్తోంది.

నాకు ఈ పట్టింపు ఎందుకో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి.

మాది అనకాపల్లి పక్కన ఒక ఊరు. నాన్న స్కూల్ టీచరు. మా దగ్గర ఎన్నికలొస్తే టీచర్లకి డ్యూటీ తప్పదు. 1989 నవంబరులో లోక్‌సభ ఎన్నికలప్పుడు ఆయన ప్రిసైడింగ్ ఆఫీసరు. అప్పుడు ఈవీఎంలు లేవు, బ్యాలెట్ పేపర్లే. పోలింగ్ అయిపోయాక అసలు పని మొదలవుతుందని నాన్న అనేవారు. ఇచ్చిన బ్యాలెట్ పేపర్లు ఎన్ని, వాడినవి ఎన్ని, పాడైనవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని ఒక లెక్క రాయాలి. అంకె అంకెకీ టాలీ కావాలి. దాని నకలు అభ్యర్థుల ఏజెంట్లకి ఇచ్చి సంతకం తీసుకోవాలి. పెట్టెకి లక్క సీలు వెయ్యాలి. పెట్టె, కవర్లు, కాగితాలు అన్నీ బస్సులో తీసుకెళ్లి అప్పగించే కౌంటరు దగ్గర క్యూలో నిలబడాలి. అక్కడివాళ్లు ఒక్కో కవరూ సరిచూసి రసీదు ఇస్తేగానీ ఇంటికి పంపరు. ఒక్క కాగితం తగ్గిందో, ఇక అక్కడే కూర్చోవాలి. నాన్న తెల్లవారి ఆరింటికి ఇల్లు చేరారు. లక్కతో కాలిన వేలికి అమ్మ వెన్న రాయడం నాకు గుర్తు.

ఆ ఎన్నికలో అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ గెలిచారు. మెజారిటీ 9 ఓట్లు. లక్షల ఓట్ల నియోజకవర్గంలో తొమ్మిది! మా ఊళ్లో నెలల తరబడి అదే కబురు. బెల్లం మార్కెట్లో, టీ కొట్లో, పెళ్లి పందిట్లో, ఎవరి ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో లెక్కపెట్టుకుని మా ఇంటి ఓట్లే గెలిపించాయనేవాళ్లు కొందరు. జ్వరం వచ్చి ఓటెయ్యలేదని ఏడ్చిన ముసలాయన ఒకరు. నాన్న మాత్రం ఒకటే అన్నారు, ‘నా బూత్ కాగితం టాలీ అయింది, నాకు నిద్ర పడుతుంది’ అని.

తర్వాత చాలా ఏళ్లకి, 2012లో నేను ఫోన్ చేసి అయోవా సంగతి చెప్పాను. 8 ఓట్లంటే నవ్వారు, ‘మనకి తొమ్మిది, మీకు ఎనిమిదా’ అని. ఎనిమిది బూత్‌ల కాగితాలు రాలేదని చెబితే నవ్వు ఆగిపోయింది. ‘రాకపోవడమేమిటి, వాళ్లని ఇంటికెలా పంపారు?’ అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

మా దేశంలో ఎన్నికలకి వంక పెట్టడానికి ఏమీ లేదని నేననను. డబ్బు పంపకం, దొంగ ఓట్లు, కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలిగే పిటిషన్లు, అన్నీ ఉన్నాయి. కానీ బూత్ దగ్గర లెక్క రాసి, ఏజెంటు చేతిలో నకలు పెట్టి పంపే ఆ ఒక్క అలవాటు మాత్రం గొప్పది. ఈవీఎంలు వచ్చాక అదే ఫారం 17సి అయింది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్ల తేడాతో ఎమ్మెల్యే సీటు తేలింది. అంత చిన్న తేడా వచ్చినప్పుడు రెండు పక్షాలూ ముందు వెతికేది బూత్‌ల వారీ కాగితాల్నే. గెలిచినవాడు కాగితం చూపిస్తాడు, ఓడినవాడూ కాగితమే అడుగుతాడు. మీ జీతం లేని వాలంటీర్లని మా ప్రభుత్వ ఉద్యోగులతో పోల్చడం సరికాదని మీరనొచ్చు. సరే. వాలంటీర్లకి ఫోన్లో కెమెరా ఉంది కదా. సంతకం చేసిన కాగితాన్ని ఒక ఫొటో తీయడానికి జీతం అక్కర్లేదు.

మీ ఎదుటి పార్టీ మీకన్నా మెరుగని అనుకుంటున్నారేమో, అదేం లేదు. 2020 ఫిబ్రవరి 3న డెమోక్రాట్ల కాకస్ రాత్రి నేను గదిలోనే ఉన్నాను. ఫలితాలు పంపడానికి తెచ్చిన యాప్ పనిచెయ్యలేదు, ఫోన్ లైన్లు అందలేదు. ఆ రాత్రి ఒక్క అంకె కూడా బయటికి రాకముందే అభ్యర్థుల్లో ఒకరైన పీట్ బుటిజెజ్ గెలిచినట్టు ప్రసంగించారు. మూడు రోజుల తర్వాత ఇంకో అభ్యర్థి బెర్నీ శాండర్స్ తానే గెలిచానన్నారు. ఇద్దరి దగ్గరా కారణం ఉంది. గదుల్లో ఒక్కో అభ్యర్థి వైపు మొదట నిలబడిన మనుషుల లెక్కలో శాండర్స్‌కి దాదాపు 6,000 ఎక్కువ. ఆ మనుషుల్ని రాష్ట్ర డెలిగేట్ల లెక్కలోకి మార్చేసరికి బుటిజెజ్ ఒక శాతంలో పదో వంతు కూడా లేని తేడాతో ముందుకొచ్చారు. జాతీయ డెలిగేట్లు బుటిజెజ్‌కి 14, శాండర్స్‌కి 12. వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ అయితే విజేతని ప్రకటించనే లేదు. కాగితాల్లో కూడికల తప్పులున్నాయని తెలిసినా, సంతకాలయ్యాయి కాబట్టి వాటిని దిద్దకూడదని ఆ పార్టీ లాయరు సలహా ఇచ్చారు. వాళ్ల చైర్మన్ ట్రాయ్ ప్రైస్ రెండు వారాల్లోపే రాజీనామా చేశారు. 2012లో మీ స్ట్రాన్ కూడా అదే జనవరి నెలాఖరుకి రాజీనామా ప్రకటించారు. చైర్మన్లు వెళ్లిపోతారు. ఆ రాత్రి గదిలో నిలబడినవాళ్లం ఇక్కడే ఉంటాం.

ఆ 2020 గందరగోళం అయ్యాక డెమోక్రాట్ల జాతీయ పార్టీ అయోవాని మొదటి వరసలోంచి తీసేసింది. మీ పార్టీ మాత్రం 2024లో కూడా మొదటి స్థానం నిలబెట్టుకుంది. ఆ జనవరి 15 రాత్రి, ఆ గడ్డకట్టే చలిలో, నేను మీ కాకస్‌కి వచ్చాను. మా గదిలో ఇంకా చీటీలు పంచలేదు, పక్కన కూర్చున్నాయన ఫోన్ చూసి ‘ట్రంప్ గెలిచేశాడట’ అన్నారు. కాకస్ మొదలై అరగంట అయిందో లేదో. అది మీరు చేసిన ప్రకటన కాదు, వార్తా సంస్థలు చేసినది. తేడా కూడా 30 శాతం దాకా ఉంది కాబట్టి ఫలితం మారే మాటే లేదు. అయినా చేతిలో తెల్లకాగితం పట్టుకుని పేరు రాస్తుంటే మనసు చివుక్కుమంది. అంత తేడా ఉన్నప్పుడు తొందర వల్ల నష్టం లేదని సరిపెట్టుకోవచ్చు. 8 ఓట్లప్పుడు అలా సరిపెట్టుకోలేం కదా.

ఇక నేను అడిగేవి. పెద్ద కోరికలు కావు, ఒక్క మీటింగులో తీర్మానం చేస్తే అయిపోయేవి.

2012 ఫలితాన్ని మీరు ఎక్కడ చెప్పినా, మీ పుస్తకాల్లో గానీ, ప్రసంగాల్లో గానీ, కొత్తగా వచ్చే వాలంటీర్లకి ఇచ్చే శిక్షణలో గానీ, ‘టై’ అన్న మాట వాడొద్దు. సాంటోరమ్ 29,839, రామ్నీ 29,805, ఎనిమిది ప్రీసింక్ట్‌ల లెక్క ధృవీకరించలేదు అని మూడూ కలిపి చెప్పండి. మూడో ముక్క వదిలేస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

ఇకముందు తేడా మరీ తక్కువగా ఉంటే, అది ఎంత తక్కువ అన్నది మీరే ముందుగా తేల్చి పెట్టుకోండి, సంతకాల కాగితాలన్నీ చేరేదాకా మీ చైర్మన్ నోట విజేత అన్న మాట రాకూడదు. టీవీ వాళ్లు తొందర పెడతారు. ఆ రాత్రి మైకుల ముందు నిలబడినవాళ్ల మీద ఎంత ప్రెషర్ ఉంటుందో నాకు అర్థమవుతుంది. అందుకే నియమం ముందే రాసి ఉండాలి, చైర్మన్ ఆ కాగితం చూపించి ‘నా చేతిలో లేదు’ అని చెప్పగలగాలి.

ప్రతి హాల్లోనూ సంతకాలైన ఫారం ఇ నకలు ఒకటి తలుపు మీద అంటించండి. ఎవరైనా ఫొటో తీసుకోవచ్చని పైన రాయండి. మౌల్టన్‌లో ఒక్క మనిషి సొంతంగా చేసిన పని ప్రతి ఊళ్లోనూ పదిమంది చేస్తారు. అప్పుడు ఒక కాగితం దారిలో పోయినా దాని బొమ్మ ఇరవై ఫోన్లలో బతికే ఉంటుంది.

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ ఎనిమిది ప్రీసింక్ట్‌లు ఏవో మీకు తెలుసు. ఒక్కో చోట ఆ కాగితం ఏమైంది? అసలు రాయలేదా, రాసి పోస్టు చెయ్యలేదా, ఎవరి కారు డాష్‌బోర్డులోనైనా ఉండిపోయిందా, మీ ఆఫీసుకి వచ్చాక పోయిందా? ఎవరినీ నిలదీయమని అడగడం లేదు. వాళ్లంతా రోజంతా పనిచేసి సాయంత్రం సేవ చెయ్యడానికి వచ్చిన మనుషులే. కానీ ఆ ఎనిమిది చోట్ల ఓటేసినవాళ్లకి మీ ఓటు ఫలానా కారణం వల్ల లెక్కలోకి రాలేదని ఎవరో ఒకరు చెప్పాలి. క్షమించమని అడగాలి. నాకు తెలిసినంతలో ఆ పని ఎవరూ చెయ్యలేదు.

నాన్నకి ఇప్పుడు ఎనభై రెండేళ్లు. ఎలక్షన్ల మాట వస్తే ఇప్పటికీ ‘ఆ ఎనిమిది కాగితాలు దొరికాయిరా?’ అని అడుగుతారు. ఎనిమిది ఊళ్లకీ ఎనిమిది వాక్యాలు రాసి పంపినా నాకు చాలు, ఆయనకి చదివి వినిపిస్తాను. ఇంగ్లీషు ప్రతితో పాటు నా చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు ఒకటి జతచేశాను.

ఇట్లు,
వెస్ట్ డిమోయిన్ నుంచి ఒక తెలుగు ఓటరు